కరవుసీమలో తుప్పు

అనంతపురము నుండి బెంగుళూరు రాజమార్గమున దక్షిణముగా సాగునప్పుడు దారికి ఇరుప్రక్కల కనబడు నేలలలో పెక్కు ఎర్రనేలలు. వేరుసెనగ కొరకు దుక్కి దున్నిన దినములలో ఆ ఎరుపు మరింత చిక్కబడి, గాలి లేచినంతనే దుమ్మై, ఎద్దునకు, ఎడ్లబండికి, మోటారుబండికి ఒక్కతీరుగా అంటుకొనును. ఆ ఎరుపు మరేమియు కాదు, ఇనుపతుప్పే. రాళ్లలో దాగియుండిన ఇనుము యుగముల తరబడి తేమతోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి మన్నులో నిలిచిపోయినది. జిల్లా పడమటి అంచున ఓబుళాపురము కొండలలో త్రవ్వబడిన ఇనుపరాయి కూడ ఆ జాతి పదార్థమే. అనగా మనము ఇనుము అని పిలుచునది నేలలో మొదట తుప్పు రూపముననే ఉన్నది. కొలిమిలో బొగ్గుతో కాల్చి, ప్రాణవాయువును బలవంతముగా విడదీసి, దానిని లోహముగా మార్చుచున్నాము. అట్లు మారిన ఇనుము సందు దొరికినప్పుడెల్ల తిరిగి ఎర్రమన్నగుటకే యత్నించును.

కాని ఆ యత్నమునకు నీరు కావలెను. పడమటి కనుమల చాటున పడిన ఈ పీఠభూమిలో ఏటి వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘములు కనుమలకు ఆవలనే తమ భారమును దించుకొని వచ్చును. ఈశాన్యపు తుపానులు తీరముననే సగము తీరిపోవును. మొత్తము సంవత్సరమునకు సెప్టెంబరు నెలయే ఇచ్చటి పెద్ద ఆశ. ఇట్టిచోట రైతునకు చేటు తెచ్చు పొడి, ఇనుమునకు మేలు చేయవలెను గదా! ‘మెట్టసీమలో తిరిగిన కారునకు తుప్పు పట్టదు’ అని పాతబండ్లు కొనువారు చెప్పుకొనుట మేము పలుమారులు విన్నాము. ఆ మాట సగము నిజము. మిగిలిన సగము మా స్వానుభవమున తెలిసినది.

ఇరువది యేండ్ల క్రిందట మేమొక పాత ఫియట్టు కారును కొంటిమి. ఈ సీమను దాటి ఎన్నడును పోని బండి. పైరంగు నిగనిగలాడుచుండెను, తలుపు తట్టిన ఖణీమని పలికెను. ఒకనాడు దారిలో చక్రము గాలి పోగా, జాకీ పెట్టి ఎత్తనారంభించితిమి. బండి లేవలేదు. జాకీ తలయే తలుపుల క్రింది గడపలోనికి కసుక్కున దిగబడెను. ఆ రంధ్రము నుండి గుప్పెడు ఎర్రమన్ను, దానితోపాటు అరటిదొప్పవలె పొరలు పొరలైన రేకు ముక్కలు రాలినవి. మన్నేదో తుప్పేదో వేరు చేయుట సాధ్యము కాలేదు. ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని అంతకు ముందు దినముననే కదిరి పోయి వచ్చిన బండి అది. వానలేని సీమలో, చూపునకు ఏ మచ్చయు లేని కారు, గడప లోపల ఇట్లెట్లు కృశించినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా కారు చరిత్రలో కొంతభాగము మాకు తెలియవచ్చినది.

ముందుగా తుప్పు నడకను గూర్చి ఒక మాట. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున యూలిక్ ఎవాన్సు అను శాస్త్రజ్ఞుడు 1920 దశకమున ఒక చిన్న ప్రయోగము చేసెను. మెరయుచున్న ఇనుపరేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్కను ఉంచి చూచెను. చుక్క అంచునకు గాలి ధారాళముగా తగులును. నడుమకు గాలి అందుట కష్టము. గాలి అందిన చోట ఇనుము చెడవలెనని మనము తలతుము. జరిగినది దానికి విరుద్ధము. గాలి అందని నడిమి భాగమున ఇనుము కరగి నీటిలోనికి దిగెను. కరగినది గాలిని కలిసికొన్న చోట తుప్పుగా పేరి, చుక్కలో ఒక ఉంగరమువలె ఏర్పడెను. ఒక్క నీటిచుక్క క్రింద ఒక చిన్న విద్యుద్ఘటము పనిచేయుచున్నదన్నమాట. తుప్పు కనబడు చోటు వేరు, ఇనుము తినబడు చోటు వేరు. కారు గడపలోని తడిమట్టి ముద్ద కూడ అటువంటి చుక్కయే. అయితే అది ఆరుటకు వారములు పట్టును.

అదే కాలమున ఇంగ్లండులోనే వెర్నను అను మరియొక పరిశోధకుడు గాలిలోని తేమను కొలిచి, అది సుమారు నూటికి 60 పాళ్లు దాటినపుడు, గాలిలో పొగమాలిన్యము కూడ ఉన్నచో, తుప్పు హఠాత్తుగా వేగమందుకొనునని చూపెను. ఆ హద్దునకు దిగువన ఇనుము చాలవరకు క్షేమముగా ఉండును. అనంతపురపు వేసవి మధ్యాహ్నములు ఆ హద్దునకు ఎంతో దిగువన ఉండును. కావుననే మన ఊళ్ల బయట పడియున్న పాత బస్సుల పైకప్పులు ఏండ్ల తరబడి నిలిచియుండుట చూతుము. అట్టి బస్సునే సముద్రపు ఒడ్డున మచిలీపట్టణమున పడవేసినచో ఉప్పుగాలికి దాని గతి వేరు. తమిళనాట కారైకుడిలో 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయము వారు మన దేశములో తుప్పు తీవ్రతను ప్రాంతములవారీగా కొలిచిరి. వారి పరీక్షలలో రామేశ్వరమునకు పోవు దారిలోని మండపము తీరము మిక్కిలి కఠినమైన చోటులలో ఒకటిగా తేలినది. లోతట్టు మెట్టప్రాంతములు వానికి ఎంతో దూరమున నిలిచినవి. కాబట్టి కొనువారి మాట బండి పైరేకు విషయమున నిజమే. అది నిజము కానిది లోపలి గుల్లలలో.

మన పల్లెలలో ఈ తెలివి పూర్వము నుండియు ఉన్నది. కర్రును, గొడ్డలిని, కొడవలిని పని తీరిన తరువాత తుడిచి, ఆముదము పట్టించి అటక మీద పెట్టెడివారు. ఎండకు భయపడి కాదు, ముసురు దినములకు భయపడి. కపిల బాన మాటకు వచ్చినచో, దినదినము తడియుచు ఆరుచుండునది గావున, దాని రేకు అతుకుల వద్ద ముందుగా చెడెడిది. పైన చదునుగా ఉన్న రేకు బాగుండి, మడత పడిన చోట నీరు నిలిచి, అచ్చటనే కన్నము పడుట ప్రతి కమ్మరికి తెలిసిన సంగతి. కారు గడప కథకూడ ఇదియే.

ఇనుము తుప్పును ఎదిరించుటకు మన దేశమున గొప్ప ఉదాహరణగా అందరు చూపునది ఢిల్లీ ఇనుపస్తంభము. 7 మీటర్లకు పైగా పొడవు, 6 టన్నులకు పైగా బరువు గల ఆ స్తంభము సుమారు 1600 ఏండ్లుగా వానలో, ఎండలో నిలిచియున్నది. ఢిల్లీ గాలి పొడి గనుక నిలిచినదని కొందరు, ఏదో రహస్య రసాయనము పూసిరని కొందరు చెప్పుచుండిరి. కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు బాలసుబ్రహ్మణ్యము చేసిన పరిశోధనల వలన, ఆ ఇనుములో భాస్వరము పాలు అధికమనియు, అది తుప్పుతో కలిసి ఇనుమును అంటిపెట్టుకొనిన పలుచని ఫాస్ఫేటు పొరగా ఏర్పడి, లోపలికి తేమను పోనీయకున్నదనియు తేలినది. అనగా ఆ స్తంభమును కాపాడుచున్నది కొంతవరకు దాని తుప్పే. కారు రేకులో ఆ భాస్వరము లేదు. సులభముగా వంగి, అచ్చునకు లొంగవలెనని దానిని మెత్తని ఉక్కుతో చేయుదురు. మెత్తదనమునకు భాస్వరము గిట్టదు. ఆ లోటును పైపూతతో తీర్చుటయే కారు తుప్పు చరిత్ర.

తొలినాటి కార్లకు ఈ బాధ అంతగా లేదు. అవి గుర్రపుబండ్ల సంతతి. కఱ్ఱచట్రము, దానిపై రేకు లేక చెక్క, అడుగున బలమైన ఇనుపదూలములు. మన మదరాసులో 1840లో మొదలైన సింప్సను కంపెనీవారు మొదట గుర్రపుబండ్లనే కట్టిరి. అట్టి బండ్లకు నూనెరంగు పూత మీద పూత, పూతకు పూతకు నడుమ ఆరుదల, మరల రుద్దుడు, చివరకు వార్నీషు. రంగు పని ముగియుటకు వారములు పట్టెడిది. ఫోర్డుగారు 1914 నుండి 1925 వరకు తన ‘టీ’ కారును నలుపురంగులోనే అమ్ముటకు ఒక కారణము ఈ ఆలస్యమును తప్పించుకొనుటయే అందురు. 1924లో జనరల్ మోటార్సువారి ఓక్లండు కార్లపై డ్యూకో అను నైట్రోసెల్యులోజు రంగు వచ్చిన తరువాత ఆరుదల గంటలలోనికి దిగినది. మన టింకరింగు షాపులలో చిమ్ముడురంగును ‘డ్యూకో’ అని పిలుచుట ఆ పేరునకు మిగిలిన జాడయే. రంగు వేగమైనది, మెరుపు హెచ్చినది. లోపలి గుల్లలకు మాత్రము ఏ మేలును జరుగలేదు.

ఆ గుల్లలు అదే కాలమున ఏర్పడుచుండెను. 1914లో అమెరికాలో ఎడ్వర్డు బడ్ అను నతడు డాడ్జి సోదరుల కారునకు కఱ్ఱను వదలి పూర్తిగా ఉక్కురేకుతో శరీరమును సమకూర్చెను. 1934లో ఫ్రాన్సున సిట్రోయెను కంపెనీవారు మరియొక అడుగు వేసి, అడుగు దూలములనే తీసివేసి, రేకు శరీరమునే చట్రముగా చేసిరి. రేకును పెట్టెలుగా మడిచి అతికినచో, పలుచనిదైనను బలము కలుగును. తలుపుల క్రింది గడప, కిటికీల నడిమి కంబము, నేల క్రింది అడ్డపట్టీ, అన్నియు ఇట్టి మూసిన పెట్టెలే. బండి తేలికైనది, ధర తగ్గినది. కాని నాటితో తుప్పు అందమునకు సంబంధించిన మాట కాక ప్రాణమునకు సంబంధించిన మాటయైనది. దూలము గల బండికి రేకు చిల్లుపడినచో సిగ్గుచేటు. దూలము లేని బండికి గడప చిల్లుపడినచో బండి నడుమే విరిగినట్లు.

మన ఇండ్లముందు నిలిచిన బండ్లు ఈ రెండు జాతులకును చెందినవి. మోరిసు ఆక్స్‌ఫర్డు నమూనాపై 1957లో కలకత్తా సమీపమున ఉత్తరపారాలో మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరు, బొంబాయి కుర్లాలోని ప్రీమియరువారి ఫియట్టు, రెండును దూలము లేనివే. మదరాసున 1961 నుండి తయారైన స్టాండర్డు హెరాల్డునకు వేరుగా చట్రము కలదు. రాయలసీమ మిట్టదారులకు అచ్చివచ్చిన జీపునకైతే చట్రము వేరు, పైగా శరీరపు రేకు చాలవరకు రెండు వైపులను కంటికి కనబడును, కుంచెకు అందును. జీపులు దీర్ఘాయుష్మంతములగుటకు వాని మొరటుదనము కొంత, ఈ దాపరికము లేకుండుట కొంత కారణమని మా యభిప్రాయము.

1960, 1970 దశకములలో కొత్త కారునకు పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండవలసిన కాలము. కావున దొరికిన బండిని ఇరువది, ముప్పది యేండ్లు కాపాడుకొనుట తప్పలేదు. ఆ అవసరము నుండియే మన ఊళ్లలో టింకరు మేస్త్రీల విద్య వృద్ధిపొందినది. వంగిన రేకును దిమ్మెపై సుత్తితో తిరిగి వంపునకు తెచ్చు వారి నేర్పు నిజముగా మెచ్చదగినది. అయితే అదే కాలమున ఒక దురాచారము కూడ ప్రబలినది: తుప్పు మీద లప్పము. చిల్లులో గుడ్డపేలికనో తీగవలనో కుక్కి, పైన లప్పము మెత్తి, రుద్ది, రంగు కొట్టినచో కారు పెండ్లికొడుకువలె కనబడును. కాని లప్పము నీటిని పీల్చి నిలుపును. లోపలి తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె కొన్ని రెట్లు అధికముగా ఉబ్బి, లప్పమును పైకి తన్నును. రెండు వానకాలములలో బొబ్బ లేచును. మా ఫియట్టు గడపపై రెండు వ్రేళ్ల మందమున లప్పము ఉండెను; ఖణీమని పలికిన తలుపు క్రిందనే అది ఉన్నదని మాకు అప్పుడు తెలియలేదు.

ఈ పనిని సరిగా చేయు మేస్త్రీలును లేకపోలేదు. మా గడపను బాగుచేసిన వృద్ధుడు మొదట రంగు జోలికే పోలేదు. పెట్రోలు తొట్టిని విప్పి దూరముగా పెట్టించి, సుత్తి మొనతో గడప పొడవునను తట్టుచు, మెత్తగా పలికిన చోటులకెల్ల సుద్దగీత గీచెను. ఆ గీతకు ఆవల, రేకు గట్టిగా పలుకు చోట కోసి, చెడిన భాగమునంతయు తీసివైచెను. ‘తుప్పును వదలి అతుకు వేయుట, పుండును వదలి కట్టుకట్టుట’ అని ఆయన మాట. కొత్త రేకును అతికిన పిదప, కోయనవసరము లేని చోట్ల ఇనుపకుంచెతోను ఉప్పుకాగితముతోను లోహము మెరయువరకు గీకించెను. పల్లములలో మిగిలిన ఎరుపుపై ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రవమును పూయగా, అది కొంతసేపటికి నల్లబారి ఫాస్ఫేటుగా మారెను. ఢిల్లీ స్తంభము తనంత తాను సంపాదించుకొన్న రక్షణ వంటిదానిని ఇచ్చట సీసాలో కొనవచ్చును. బర్మింగ్‌హామున థామసు కాస్లెట్టు అను నతడు 1906లోనే ఈ పద్ధతికి పేటెంటు పొందియుండెను. తరువాత దానిని కడిగి, ఎండలో సంపూర్ణముగా ఆరనిచ్చి, నాటి దినమే తొలిపూత వేయవలెను. తెల్లవారువరకు ఆగినచో కంటికి కనబడని తుప్పు మరల మొదలగును. లప్పము ఆ తొలిపూతకు పైననే గాని వట్టి ఇనుముపై పనికిరాదు.

తొలిపూత మాట వచ్చినది గనుక చెప్పవలెను. పూర్వము వంతెనలకు, రైలుపెట్టెలకు అవిసెనూనెలో కలిపి వాడిన గంగసింధూరము నిజముగా తుప్పును అణచునది. కాని అది సీసము, విషము. పాతబండి రంగును పొడిగా గీకునపుడు లేచు దుమ్ములో అది ఉండవచ్చును. ముక్కునకు గుడ్డకాదు, తగిన ముసుగే కట్టవలెను. తడిపి గీకుట మేలు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. దాని స్థానమున మన దుకాణములలో చవుకగా దొరకు రెడాక్సైడు వట్టి జేగురు, అనగా ఇనుపతుప్పే. ఇనుముపై తుప్పునే రంగుగా పూయుట వింతగా తోచవచ్చును. అది నీటికి అడ్డు నిలుచునే గాని, తానుగా తుప్పును అణచదు. గీత పడినచోట చేతులెత్తివేయును. జింకు కలిసిన తొలిపూత అట్లు కాదు. ఇనుమునకు ముందు తాను బలియగును. 1837లో ఫ్రాన్సున సోరెలు అను ఇంజనీరు ఇనుపరేకును కరిగిన తుత్తునాగములో ముంచి చూపిన సూత్రమే ఇది.

ఇంత చేసినను, గడప లోపలి ముఖమునకు ఏ కుంచెయు చేరదు. అతుకుటలో అచ్చటి పూత కాలిపోయియే ఉండును. ఆ వృద్ధుడు సన్నని గొట్టముతో పలుచని మైనపునూనెను లోపలికి చిమ్మి, అడుగు రంధ్రముల నుండి బొట్లు రాలువరకు ఆగెను. కొందరు వాడిన ఇంజను నూనెను పోయుదురు. అది రబ్బరును చెరుచును, చేతిచర్మమునకును మంచిది కాదు.

లోపలి ముఖమునకు రంగును ఎట్లు చేర్చవలెనను ప్రశ్న పెద్ద కర్మాగారములను కూడ ఏండ్ల తరబడి బాధించినది. చలిదేశములలో మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లుట హెచ్చిన తరువాత కార్లు ఆరేడు ఏండ్లకే క్రుళ్లిపోవుచుండెను. 1960 దశకమున ఫోర్డు కంపెనీలో జార్జి బ్రూవరు మొదలగువారు ఒక ఉపాయమును సాధించిరి. నీటిలో రంగును కలిపిన పెద్ద తొట్టిలో కారు శరీరమును మొత్తము ముంచి విద్యుత్తును ప్రవహింపజేసినచో, రంగు తనంతట తాను ఇనుమును వెదకికొనిపోయి అంటుకొనును. ఒకచోట పూత పట్టగానే అచ్చట విద్యుత్తు ఆగి, పట్టని మూలలకు మరలును. తొలుత కారు శరీరము ధనధ్రువముగా ఉండెడిది. 1976 నుండి ఋణధ్రువముగా చేసిన పద్ధతి వచ్చి, ఇనుము ఏమాత్రమును కరగకుండ పూత పట్టుట సాధ్యమైనది. దానితో జింకుపూత రేకులు కూడ చేరినవి. గడప లోపలి చీకటికి కుంచె చేరలేకపోయినను విద్యుత్తు చేరినది.

ఆ చరిత్ర మన సీమకు కూడ నడిచివచ్చినది. 1565లో తళ్లికోట యుద్ధానంతరము విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండకు సమీపమున, ఎర్రమంచి వద్ద 536 ఎకరములలో కియా కార్ల కర్మాగారమును నిర్మించుటకు 2017లో ఒప్పందము కుదిరి, 2019 డిసెంబరు 5న ప్రారంభోత్సవము జరిగినది. సంవత్సరమునకు 3 లక్షల కార్లు తయారుచేయు శక్తితో అది నిర్మింపబడినది. 2022లో జిల్లాలు విడిపోగా పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలో చేరినది. కార్ల కర్మాగారమనగా ఉక్కు, విద్యుత్తు అని తలతుము గాని, దాని రంగులశాలకు కావలసినది నీరు. కడుగుటకు నీరు, ఫాస్ఫేటు పొరకు నీరు, మరల కడుగుటకు నీరు, పూతతొట్టికి నీరు. ఆ నీరు హంద్రీ-నీవా కాలువ ద్వారా వచ్చిన కృష్ణాజలము నిలిచిన గొల్లపల్లి జలాశయము నుండి అందుచున్నది. ఇనుమును నీటి నుండి కాపాడుటకు ఇనుమును నీటిలోనే ముంచవలసి వచ్చుట, అదియు గుక్కెడు నీటికై బోరుపై బోరు త్రవ్వుకొను సీమలో జరుగుట మాకు ఎన్నిమారులు తలచినను విచిత్రముగానే తోచును.

కొత్త కార్ల సంగతి అట్లుండ, పాతబండి గలవారి చింత వేరు. 15 ఏండ్లు నిండిన కారునకు రిజిస్ట్రేషను పొడిగించు రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచిరి. పరీక్షకు తీసికొనిపోవు ముందు పైరంగు వేయించువారు పెక్కుమంది. బండిని ఎత్తించి గడప తట్టి చూచువారు కొందరే. ఊరినుండి ఊరికి పదిమందిని ఎక్కించుకొని తిరుగు పాతబండ్లలో ఈ పరీక్ష మరింత అవసరము. చూడవలసిన చోటులు కూడ ఎక్కువ లేవు. కాళ్ల క్రింది చాపను ఎత్తి నేల రేకును చూడవలెను. చక్రపు గూళ్లలో అట్టకట్టిన మన్నును కఱ్ఱతో రాల్చవలెను. తలుపుల అడుగున, గడప అడుగున నీరు పోవుటకై విడిచిన చిన్న రంధ్రములను చూడవలెను. మన ఎర్రదుమ్ము ఈ రంధ్రములను బంకమన్నువలె మూసివేయును. సెప్టెంబరు వానకు లోపల చేరిన నీరు దసరా దాటినను ఆరదు. బయట ఎండ మండుచుండగా లోపల వానకాలము సాగుచునే ఉండును. దీనికి తోడు, ఉప్పదనము గల బోరునీటితో కారును కడిగినచో, నీరు ఆరినను ఉప్పు మిగులును. మరునాటి మంచుకు అది మరల చెమ్మగిల్లును. వాననీరో, మంచినీరో ఒక్క బక్కెటుతో తుడిచినను అంతకంటె మేలు.

మా ఫియట్టు ఆ కొత్త గడపతో మరి తొమ్మిదేండ్లు నడిచినది. దానిని అమ్మిననాడు కొన్న కుర్రవానికి తాళపుచెవులతో పాటు ఒక సన్నని ఇనుపతీగ ముక్కను కూడ ఇచ్చితిమి. అతడు నవ్వెను. అతనిని బండి ప్రక్కన నేలపై కూర్చుండబెట్టి, గడప క్రింద ఒక్కొక్క ప్రక్క మూడేసి రంధ్రములను వ్రేలితో తడిమి చూపించి, తీగను దూర్చి త్రిప్పితిమి. ఎడమ ప్రక్క నడిమి రంధ్రము నుండి చిటికెడు ఎర్రమన్ను రాలినది. పొడిగానే ఉన్నది.